ముప్పై ఏడో వంపు

సూర్యారావు పధ్నాలుగేళ్ళుగా కొండలు గీస్తున్నాడు గాని ఒక్క కొండా ఎక్కలేదు. కొరాపుట్‌లో కొత్త రైలు లైను కోసం పెట్టిన సర్వే ఆఫీసులో ఆయన ట్రేసరు. సర్వేకి వెళ్ళినవాళ్ళు కొండల్లో తిరిగి పెన్సిలుతో గీసి తెచ్చిన పటం మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి, కిందనున్న ప్రతి గీతనీ నల్లసిరాతో పైకి ఎత్తడం ఆయన పని. కొండ ఎత్తుని చూపించే గీతలు కోసిన మొద్దులో వలయాల్లా ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నిటారు. ఎడంగా ఉంటే చదును. కొరాపుట్ నుంచి రాయగడ దాకా ఉన్న కొండలన్నీ, వాగులన్నీ, నాలుగిళ్ళ పల్లెలన్నీ ఆయన కలం కిందినుంచి పోయినవే. కిటికీ తెరిస్తే నిజం కొండలు కూడా కనిపించేవి. కాని మంచు లోపలికొచ్చి గుడ్డ మెత్తబడిపోతుందని ఆయన కిటికీ తెరవనిచ్చేవాడు కాదు.

ఆయన భార్య సత్యభామది టెక్కలి దగ్గర పల్లె. పిల్లలిద్దరూ అక్కడే అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నారు. ఆమె కొరాపుట్ వచ్చి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో ఆమె చూసినవి క్వార్టర్లు, ఆదివారం సంత, కొండ మీద జగన్నాథుడి గుడి. సంతలో కూరలమ్మే కొండ ఆడవాళ్ళతో బేరాలాడి ఆడి ఆమెకి వాళ్ళ దేసియా మాట బాగానే పట్టుబడింది. సూర్యారావుకి ఆ భాషలో ఒక్క ముక్కా రాదు. ఆయనకి దానితో పని పడలేదు.

ఎనభై రెండో సంవత్సరం నవంబరులో ఒక శనివారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "రేపు ఆఫీసు జీపు రాయగడ ఎల్తంది. నువ్వూ రా. దారంతా బాగుంటాదట," అన్నాడు.

సత్యభామ చేతిలో చేటతోనే వచ్చి ఆయన మొహంలోకి చూసింది. "ఒంట్లో బాగుందా?" అంది.

"బాగానే ఉంది."

"మరేటి?"

"ఏటీ నేదు. కొండలు సూద్దామని."

ఆమె దారిలోకి రొట్టెలకని మినపప్పు నానబోసింది. కాని ఆయన ఆమెకి చెప్పనిది ఒకటి ఉంది. అది మూడు వారాలుగా ఆయన చొక్కా జేబులో ఉంది.

అది మెమో. లైను పోయే దారిలో సర్వేవాళ్ళు దూరదూరంగా నంబర్లు వేసిన చెక్క మేకులు పాతుతారు. పెగ్గులంటారు వాటిని. రెండోసారి సరిచూడ్డానికి వెళ్ళినవాళ్ళకి, లైను ముప్పై ఏడో వంపు తిరిగే చోట, నాలుగువందల పన్నెండో నంబరు పెగ్గు పటంలో ఉన్నచోటికి పదకొండు మీటర్లు ఎగువన కనిపించింది. రాయగడ క్యాంపులో ఉండే ఇంజనీరు చంద్రశేఖరం గారు దాని మీద ఇలా రాశారు: "పెగ్గులకి కాళ్ళు ఉండవు. కాబట్టి పటం తప్పు. ట్రేసరు అజాగ్రత్తకి ఇరవైయొక్క రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి." పెన్సిలు పటం చూస్తే అసలు సంగతి తేలిపోయేది. దాన్ని చెదలు తినేశాయి. చెదలకి మెమో ఇవ్వడం కుదరదు. సూర్యారావు సంజాయిషీ మూడుసార్లు రాసి మూడుసార్లు చించాడు. పధ్నాలుగేళ్ళలో ఆయన చేతిమీద ఒక్క తప్పూ పడలేదు. తప్పు చెయ్యలేదని ఎలా రాయాలో ఆయనకి తెలియలేదు. గడువు సోమవారం. పటాల చుట్టలు రాయగడ చేర్చే పని తనే చేస్తానని అడిగి పుచ్చుకుని, ఒక తెల్లకాగితం నాలుగు మడతలు పెట్టి మెమో పక్కనే జేబులో పెట్టుకున్నాడు.

తెల్లారి ఆరింటికి జీపు వచ్చింది. డ్రైవరు జగ్గారావుది పార్వతీపురం. పదహారేళ్ళుగా ఇవే కొండల మీద బళ్ళు తోలుతున్నాడు. సత్యభామ దిబ్బరొట్టెల మూటా, ఆవకాయ సీసా పట్టుకుని వెనక సీట్లో కూచుంది. సూర్యారావు పటాల చుట్టలు ఒళ్ళో పెట్టుకుని ముందు కూచున్నాడు.

ఊరు దాటేదాకా మంచు తప్ప ఏమీ కనిపించలేదు. తరవాత రోడ్డు ఒక గుట్ట ఎక్కింది. మంచు ఒక్కసారిగా కిందికి ఉండిపోయింది. ఎండ పడుతున్న కొండవాలులన్నీ పచ్చగా, పసుపు కొమ్ము అరగదీసినట్టు పూసి ఉన్నాయి.

"ఏటండీ ఆ పువ్వులు?" అంది సత్యభామ.

"తొమ్మిదివందల నలభై మీటర్లు," అన్నాడు సూర్యారావు. ఆయన కొండని చూస్తున్నాడు.

"వలిసెలు అమ్మగోరూ," అన్నాడు జగ్గారావు. "నూని తీత్తారు. అదిగో, ఆ పూలచేను కాడే మొన్నేడు సిమెంటు లారీ తిరగబడింది. డ్రైవరుకి కాలు పోయింది."

దారి పొడుగునా ఇదే సాగింది. సూర్యారావు ప్రతి కొండ ఎత్తూ చెప్పాడు. జగ్గారావు ప్రతి మలుపులోనూ ఏ బండి ఎప్పుడు పడిందో, ఎవరికి ఏమైందో చెప్పాడు. ఇద్దరూ సగం సగం అందుకుంటూ వెళ్ళారు. కొన్నిచోట్ల, "తొమ్మిదివందల పది" అన్నదీ, "ముగ్గురు పోయేరు" అన్నదీ ఒకేసారి వినిపించేవి. సత్యభామ మధ్యలోంచి బయటికి చూస్తూ కూచుంది. కోసేసిన వరిమళ్ళు మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. నెత్తిమీద బుట్టలతో ఆడవాళ్ళు వరసగా సంతకి నడుస్తున్నారు. ఎర్రమట్టి రోడ్డు కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు తిరిగి తిరిగి పోతోంది. ఆమెకి ఎత్తులూ అక్కర్లేదు, కాళ్ళూ అక్కర్లేదు. కాసేపు ఎవరూ మాట్లాడకపోతే బాగుండునని అనుకుంది, గాని అనలేదు.

కకిరిగుమ్మ ఊరు దాటాక సూర్యారావు జీపు ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన మోకాలెత్తు గడ్డిలోకి నడిచాడు. సత్యభామని రమ్మన్నాడు.

"ఇదే స్టేషను," అన్నాడు.

"ఏదండీ?"

"ఈ గడ్డి. నువ్వు నిలబడ్డది ప్లాట్‌ఫారం. అదిగో, ఆ రాయి దగ్గర టిక్కెట్లు ఇస్తారు."

సత్యభామ రాయి వైపు చూసింది. దాని మీద ఒక తొండ ఉంది. "రైలు ఎప్పుడొస్తాది?"

"పదేళ్ళు పట్టొచ్చు."

"అయితే జీపే ఎక్కుదారి పదండి," అంది. కాని ఆయన మొహంలో సంతోషం చూసి ఇంకో నిమిషం ప్లాట్‌ఫారం మీద నిలబడింది.

అక్కణ్ణుంచి ఘాటీ రోడ్డు మొదలైంది. నాలుగు మలుపులు ఎక్కేసరికి ముందు రేకు కిందినుంచి ఆవిరి లేచింది. జగ్గారావు బండి పక్కకి తీసి, బానెట్టు ఎత్తి, నీళ్ళ డబ్బా ఊపి చూశాడు. అడుగున చిల్లిపడి నీళ్ళన్నీ ఎప్పుడో కారిపోయాయి.

"రేడియేటరు ఎండిపోనాది బాబూ. లక్ష్మీపూర్ దాకా దార్లో ఎక్కడా నీళ్ళు నేవు. ఏదో ఒక లారీ రావాల," అన్నాడు. గట్టు మీద కూచుని బీడీ ముట్టించాడు.

సూర్యారావు ఎదురుగా ఉన్న కొండకేసి చూస్తూ ఉండిపోయాడు. దానికి రెండు మూపులు, నడుమ గుర్రం వీపులాంటి పల్లం. ఎడమ మూపుకన్నా కుడిమూపు కొంచెం ఎత్తు. ఆయన ఒళ్ళోని చుట్టల్లోంచి ఒకటి లాగి, విప్పకుండానే మళ్ళీ లోపల పెట్టాడు.

"ఇది పంతొమ్మిదో షీటు," అన్నాడు. "ఇక్కణ్ణుంచి రెండొందల మీటర్లు కిందకి దిగితే వాగుంది. వాగు అవతల నాలుగిళ్ళున్నాయి."

జగ్గారావు రోడ్డు అంచుకి వచ్చి తొంగిచూశాడు. పొదలు తప్ప ఏమీ లేవు. "ఎప్పుడైనా వచ్చేరేటి ఇటేపు?"

"నేదు."

"మరెలా తెల్సు?"

"గీసేను."

జగ్గారావు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. డబ్బా చిల్లికి సబ్బుముక్క మెత్తి, "సరే, పదండి," అన్నాడు.

దిగడం సూర్యారావు అనుకున్నంత తేలిక కాలేదు. పటంలో ఆ చోట గీతలు వెంట్రుకవాసి దూరంలో ఉంటాయి. అవి గీస్తున్నప్పుడు ఆయనకి కళ్ళు మాత్రమే నొప్పెట్టాయి. ఇప్పుడు మోకాళ్ళు నొప్పెట్టాయి. ఒకచోట చెప్పు తెగి, కూచుని జారుతూ పది గజాలు దిగాడు. సత్యభామ చీర దోపుకుని, పొదలు పట్టుకుంటూ ఆయనకన్నా ముందే దిగింది.

వాగు ఉంది. రెండు బండల మధ్య పాయగా దిగి, పటంలో ఉన్నట్టే కుడికి తిరిగి పోతోంది. సూర్యారావు వంగి మణికట్టు మునిగేదాకా నీళ్ళలో చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"నీళ్ళున్నాయి," అన్నాడు.

"వాగులో నీళ్ళు కాక ఏటుంటాయండీ?" అంది సత్యభామ. అని, ఆయన కళ్ళు చూసి తనూ నీళ్ళలో చెయ్యి పెట్టింది.

జగ్గారావు డబ్బా నింపుకుని, ఇంజను చల్లారడానికి గంట పడుతుందనీ, సిద్ధం కాగానే హారన్ కొడతాననీ చెప్పి పైకి వెళ్ళిపోయాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ రాళ్ళ మీదుగా వాగు దాటారు.

అవతలి గట్టున ఇళ్ళున్నాయి. సూర్యారావు వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు. అయిదు ఉన్నాయి. పటంలో తను గీసినవి నాలుగు గళ్ళే. ఆయన కలవరపడ్డాడు. "ఐదోది ఎప్పుడు కట్టేరో అడుగు," అన్నాడు భార్యతో.

ఇళ్ళ ముందు పేడతో అలికిన కళ్ళం. కళ్ళం నడుమ ఒక రాట. దానికి కట్టిన రెండు ఎద్దులు చోళ్ళ వెన్నుల మీద చుట్టూ తిరుగుతున్నాయి. వాటి వెనక ఒకామె కర్ర పట్టుకుని నడుస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. ఆమె పేరు సొమారి అని తరవాత తెలిసింది. రోడ్డుమీంచి ఎవరో జారి వచ్చి తన ఇల్లు లెక్కపెడుతున్నందుకు ఆమె ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. ఎద్దుల్ని ఆపి, సత్యభామ అడిగినదానికి జవాబు చెప్పింది. ఐదోది పోయినేడు కట్టారు, కొడుక్కి పెళ్ళయితే. సూర్యారావుకి ఊపిరి వచ్చింది. సర్వే జరిగింది అంతకు ముందు.

సొమారి సొరకాయ బుర్రతో చోడి అంబలి తెచ్చి ఇద్దరికీ పోసింది. సత్యభామ మూట విప్పి దిబ్బరొట్టె ముక్క ఇచ్చింది. సొమారి కొంచెం కొరికి, నమిలి, దేనితో చేస్తారని అడిగింది. మినుముల సంగతి చెప్పగానే, తమకీ పండుతాయి గాని తాము ఇంత లావుగా కాల్చమని చెప్పింది. ఆడవాళ్ళిద్దరూ కాల్చడం గురించి మాట్లాడుకుంటుండగా, సూర్యారావు బుర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

కళ్ళానికి ఎగువన, రాతివాలులో, తెల్లరంగు వేసిన మేకు ఒకటి ఉంది. ఎర్రటి అంకెలు ఇక్కడికే కనిపిస్తున్నాయి. ఆయన ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి చెప్పు లేకుండా ఎక్కాడు. నాలుగువందల పన్నెండు. మేకు నిటారుగా ఉంది. ఎవరో చుట్టూ చిన్నరాళ్ళు పేర్చి కదలకుండా బిగించారు.

ఆయన దానికి వీపు పెట్టి, అడుగులు లెక్కపెడుతూ దిగాడు. తన అడుగు ఎంతో ఆయనకి తెలుసు. పదకొండు మీటర్లు అయ్యేసరికి ఆయన ఒక ఎద్దు మెడకి తగిలి ఆగాడు. ఎదురుగా కళ్ళం నడుమ పాతిన రాట ఉంది.

"సత్యా," అన్నాడు. ఆయన ఆమెని పదిమందిలో పేరు పెట్టి పిలవడం అరుదు. "ఈ రాట ఇక్కడ ఎవరు పాతేరో అడుగు. అంతకు ముందు ఇక్కడ ఏటుండేదో అడుగు."

సొమారి దాచుకోకుండా చెప్పింది. సత్యభామ ముక్క ముక్కా తెలుగులోకి మార్చింది. మూడేళ్ళ కిందట నలుగురు మనుషులు ఇనప గొలుసూ, గొడుగూ పట్టుకుని వచ్చారు. మంచినీళ్ళడిగి తాగారు. కళ్ళం నడుమ ఆ మేకు పాతి వెళ్ళిపోయారు. ఎందుకో చెప్పలేదు. నూర్పిళ్ళప్పుడు ఎద్దులు దానికి తట్టుకున్నాయి. పొయ్యిలో పెట్టెయ్యమన్నాడు మొగుడు. సర్కారు వస్తువు కదా, రేపు వచ్చి అడిగితే ఏం చెప్తామని ఆమె ఒప్పుకోలేదు. ఎవరికీ అడ్డం కాకుండా పైన రాళ్ళలో పాతింది. గొయ్యి ఎలాగూ ఉంది కాబట్టి అందులో రాట పెట్టుకుంది. మొన్నీమధ్య వేరే మనుషులు వచ్చారు. పైన మేకుని చూసి ఏదో రాసుకుని వెళ్ళారు. వాళ్ళూ ఏమీ అడగలేదు.

"అడిగింది మీరేనంటంది," అంది సత్యభామ.

సూర్యారావు కళ్ళం గట్టున కూచుని, జేబులోంచి మెమో తీసి భార్యకి చదివి వినిపించాడు. సత్యభామ రెండో వాక్యం దగ్గర మళ్ళీ చదవమంది.

"ఇన్నాళ్ళూ ఇది జేబులో ఎట్టుకుని తిరిగేరా?"

"ఆఁ."

"ఆరోజు వంకాయ కూర వద్దన్నది ఇందుకేనా?"

"ఇందుకే."

"నేను ఉప్పెక్కువయిందనుకున్నాను," అంది. మళ్ళీ తనే, "పోన్లెండి. ఇప్పుడు తేలిపోయింది కదా, తప్పు మీది కాదని," అంది.

అప్పుడు తెలిసింది ఆయనకి. ఇరవై రోజులుగా గుండెలమీద కూచున్నది లేచిపోయినట్టయింది. గబగబా తెల్లకాగితం మడతలు విప్పి, మోకాలి మీద పెట్టుకుని, కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. నాలుగో ప్రయత్నంలో ఆయన చెయ్యి ఎక్కడా ఆగలేదు. "నాలుగువందల పన్నెండో నంబరు పెగ్గును సదరు గ్రామానికి చెందిన" అని రాసి తలెత్తాడు.

"పేరేటో అడుగు."

సత్యభామ అడిగింది. "సొమారి అంటంది. ఎందుకని అడుగుతంది."

సూర్యారావు కలం కాగితానికి ఆనించి పట్టుకున్నాడు.

"నానూ అడుగుతాను," అంది సత్యభామ. "రాస్తే ఏటవుతాది?"

"పెగ్గుని తెచ్చి మళ్ళీ ఇక్కడ పాతుతారు. పటం కరెక్టని తేలుతుంది."

"తరవాత?"

"లైను ఇలాగే పోతుంది. రైలు కట్ట ఈ కళ్ళం మీద పడుతుంది. ఆ చివర ఇల్లు కూడా పోవచ్చు."

"ఈవిడికి?"

"కాగితాలొస్తాయి. సర్కారు పెగ్గు పీకిందని అడుగుతారు."

"పీకలేదు కదండీ. జాగర్త చేసింది."

"అది రాయడానికి గడి లేదు," అన్నాడు సూర్యారావు.

సొమారి వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి ఏదో అడిగింది. ఇక్కడ రోడ్డు వేస్తారా అని. కాదు, రైలు, అని చెప్పింది సత్యభామ. రైలు గురించి సొమారికి తెలుసు. తమ్ముడు విజయనగరంలో చూసి వచ్చాడు. ఆమె కర్రతో పైవాలు చూపిస్తూ, అక్కడంతా రాయేననీ, ఏమీ పండదనీ, రైలుకి పంట అక్కర్లేదు కదా, అటునుంచి పోతే ఏమని అడిగింది.

సూర్యారావు రాతివాలు వైపు చూశాడు. పటంలో అది ఏడు గీతలు. గీతల్లో రాయి ఉందో మట్టి ఉందో తెలియదు. ఆయన తిరిగి వాగు వైపు చూశాడు.

"వానాకాలం వాగు ఎందాకా వస్తాదో అడుగు."

సొమారి లేచి వెళ్ళి, కళ్ళానికి దిగువన ఒక బండ మీద చెయ్యి పెట్టి చూపించింది. అక్కణ్ణుంచి కళ్ళం రెండు మూరలు కూడా లేదు. ఆయన స్వయంగా మూర వేసి చూసుకున్నాడు. తరవాత రాసిన కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

పైనుంచి హారన్ వినిపించింది. వాళ్ళు లేస్తుంటే, ఆ మేకు తీసుకుపోతారా అని సొమారి అడిగింది. సత్యభామ మొగుడి వైపు చూసింది.

"వద్దు. అక్కడే ఉండనీమను," అన్నాడు సూర్యారావు.

రోడ్డెక్కడానికి ముప్పావుగంట పట్టింది. తరవాత రాయగడ దాకా సూర్యారావు ఒక్క ఎత్తూ చెప్పలేదు. జగ్గారావు లక్ష్మీపూర్ దాటేదాకా తన వంతు తను చెప్పి, జత పలికేవాళ్ళు లేక ఆపేశాడు. మధ్యాహ్నపు ఎండలో అడవి వెలిగింది. లోయలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకున్నాయి. జీపు చల్లగాలిలోంచి వేడిగాలిలోకి దిగి, దూరంగా నాగావళి ఇసక కనిపించింది. సత్యభామ అవన్నీ నిశ్శబ్దంగా చూసింది. పొద్దున్న ఆమె కోరుకున్నది ఇదే. ఇప్పుడు దొరికింది గాని, ఆమె మధ్య మధ్య మొగుడి వీపుకేసి చూస్తూ వచ్చింది.

చంద్రశేఖరం గారు క్యాంపు ఆఫీసు వరండాలో బనీనుతో కూచుని గడ్డం గీసుకుంటున్నారు. ఆయనది బాపట్ల. ఆదివారాలు కూడా పని చేసేవారు, గాని ఆదివారాల్లో చొక్కా వేసుకునేవారు కాదు. సత్యభామ బయట బల్ల మీద కూచుంది. ఇంజనీరు గారు అద్దమూ కత్తీ పట్టుకుని లోపలికి నడిచారు. సూర్యారావు ఆయన వెనకే వెళ్ళి, పటాల చుట్టలు అప్పజెప్పి, నిలబడ్డాడు.

"సంజాయిషీ తెచ్చావా?"

"చెప్పుకుందామని వచ్చాను సార్. పెగ్గు కదిలింది సార్."

"ఎలా కదిలింది?"

సూర్యారావు దారంతా దీని గురించే ఆలోచించాడు. అంతకన్నా మంచిది ఏదీ తట్టలేదు. "గేదె తగిలి ఉంటుంది సార్."

చంద్రశేఖరం గారు సబ్బు నురగతో తలెత్తారు. "గేదె తగిలితే పెగ్గు పడిపోతుంది. పదకొండు మీటర్లు ఎగువకి పోయి నిటారుగా నిలబడుతుందా? చుట్టూ రాళ్ళు కూడా పేర్చి ఉన్నాయని రిపోర్టులో ఉంది."

సూర్యారావు తెగిన చెప్పున్న కాలు వెనక్కి పెట్టుకున్నాడు.

"పెగ్గుకి కాళ్ళుండవని నేను రాశాను. గేదెకి చేతులున్నాయని నువ్వంటున్నావు."

"అయితే తప్పు నాదే సార్," అన్నాడు సూర్యారావు.

చంద్రశేఖరం గారు కత్తి కింద పెట్టారు. "ఆ చోటు చూశావా నువ్వు?"

"చూశాను సార్."

"ట్రేసరువి, నువ్వెలా చూశావు?"

"దారిలో జీపు వేడెక్కింది సార్."

ఇంజనీరు గారు ఆయన కాళ్ళకేసి చూశారు. ఒక చెప్పుకి పురికొస కట్టి ఉంది. పంట్లాం వెనకవైపు ఎర్రమట్టి. "అక్కడ మనుషులున్నారా?"

"చోళ్ళు నూర్చుకుంటున్నారు సార్."

చంద్రశేఖరం గారు అద్దంలోకి చూస్తూ మిగిలిన చెంప గీసుకున్నారు. తువాలుతో తుడుచుకుని, "నేనది అడగలేదనుకో," అన్నారు. "సరే, చూసొచ్చావు కాబట్టి చెప్పు. లైను ఏది మంచిది? పెగ్గు ఉన్న చోటా, నీ పటంలో ఉన్న చోటా?"

పధ్నాలుగేళ్ళలో సూర్యారావుని ఎవరూ ఏది మంచిదని అడగలేదు. "పెగ్గు ఉన్నదే సార్. పటంలో చూపించిన చోటికి వానాకాలం వాగు రెండు మూరల దూరంలోకి వస్తుంది. బండ మీద జాడ ఉంది. పైన అంతా రాయి."

చంద్రశేఖరం గారు ఫైలు తెరిచి నిలబడే రాశారు. పెగ్గు ప్రకారం పటం సరిచెయ్యాలి. ట్రేసరు పొరపాటు ఒప్పుకున్నాడు, హెచ్చరించడమైనది. కలం ఎత్తి, మళ్ళీ దించి, ట్రేసరు స్థలం స్వయంగా చూసి వచ్చాడు అని కూడా రాశారు.

సూర్యారావు బయటికి వచ్చేసరికి సత్యభామ బల్ల మీంచి లేచింది. "ఏటయింది?"

"తప్పు నాదేనని ఒప్పుకున్నాను."

"ఏటన్నారు?"

"హెచ్చరించేరు."

"గట్టిగానా?"

"కాగితం మీద."

ఆమె ఆయన పంట్లాం వెనక మట్టి చేత్తో దులిపింది. మజ్జిగౌరి గుడికి వెళ్దామంది. జగ్గారావు తన బావమరిది ఇంట్లో పడకకి ఏర్పాటు చేశాడు. సూర్యారావు పెందలాడే పడుకుని, ఇరవై రోజుల నిద్ర ఒక్కసారే పోయాడు. తెల్లారి జగ్గారావు వచ్చి లేపాక, నిన్న చెప్పకుండా వదిలేసిన ఎత్తులు తిరుగు దారిలో చెప్పొచ్చని సత్యభామే మొగుడితో అంది. ఆయన చెప్పాడు.

హెచ్చరిక సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. ముప్పై ఏడో వంపుని పదకొండు మీటర్లు ఎగువన సూర్యారావే మళ్ళీ గీశాడు. ఆ గీత సిరా ఆరి ఏడాది తిరగకముందే పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఆ ఘాటీ మొత్తం వదిలేసి, కొండ రెండోవైపు నుంచి దారి వెతకమన్నారు. పంతొమ్మిదో షీటు బీరువా అడుగుకి పోయింది. సొమారి కళ్ళానికి మళ్ళీ ఎవరూ వెళ్ళే పని లేకపోయింది. హెచ్చరిక మాత్రం రిజిస్టరులోనే ఉంది. దాన్ని తీసెయ్యమని అడగవచ్చని హెడ్ గుమాస్తా చెప్పాడు. ఎందుకు పడిందో చెప్పాల్సి వస్తుందని సూర్యారావు అడగలేదు.

ఆయన అడిగింది వేరే. కొత్త సర్వేకి వెళ్ళే జట్టులో తననీ వెయ్యమని దరఖాస్తు పెట్టాడు.

"నలభై నాలుగేళ్ళకి కొండలెక్కుతావా?" అన్నారు చంద్రశేఖరం గారు.

"ఎక్కడం ఫరవాలేదు సార్. దిగడమే కష్టం."

ఇంకెవరూ అడగలేదు కాబట్టి ఆయనకే ఇచ్చారు. మొదటి నెల జలగలు పట్టాయి. రెండో నెల వాగులో పడి కొలిచే గొలుసు పోగొట్టి, దాన్ని వెతకడానికి మూడు రోజులు తీసుకున్నాడు. సత్యభామ లక్ష్మీపూర్‌లో ఒక గది తీసుకుంది. మొదట్లో మొగుడికి అన్నం పట్టుకెళ్ళేది. ఆమె వెంట ఉన్న రోజుల్లో ఊళ్ళవాళ్ళు వాగులెక్కడికి పొంగుతాయో, ఏ వాలు జారుతుందో అడక్కుండానే చెప్తున్నారని జట్టువాళ్ళు గమనించారు. తరవాత అన్నం లేకపోయినా రమ్మని కబురంపేవారు. ఆమెకి ఉద్యోగం లేదు కాబట్టి ఎవరూ ఆమెకి సెలవు ఇవ్వలేదు.

కొత్త దారిలో మొదటి పెగ్గు దిగ్గొట్టిన చోట, పక్కనే ఒక ముసలాయన మేకని కట్టి మేపుకుంటున్నాడు. ఇదేమిటని అడిగాడు. సూర్యారావు లైను ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో, వంపు ఎందుకు తిరుగుతుందో చేతులు తిప్పి తెలుగులో వివరంగా చెప్పాడు. ముసలాయన ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక సత్యభామ దేసియాలో నాలుగు మాటలు చెప్పింది. ముసలాయన తలూపి, మేకని విప్పి, రెండు గజాలు అవతల కట్టుకున్నాడు.